లోడ్ కాని గురునాథరావుగారు

పదవీ విరమణ చేశాక కూడా ఒక్కరోజు సెలవు పెట్టకుండా, ఉదయం తొమ్మిదీ యాభై అయిదుకల్లా విధుల్లో చేరి, సాయంత్రం అందరికన్నా ఆఖరున బయటపడిన ప్రభుత్వోద్యోగి యావద్భారతదేశంలో మా గురునాథరావుగారొక్కరే అని సవినయంగా ప్రకటిస్తున్నాను. ఈ ఘనత 2004 మార్చి నుంచి 2006 మే దాకా నిరాటంకంగా సాగింది. ఆ రెండేళ్లూ ఆయన మధురవాడలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో గులాబీ మొక్కలకు నీళ్లు పోసుకుంటూ ఉన్నారన్నది వేరే సంగతి.

వివరంగా చెప్తాను. మాది పడవల అనుమతిపత్రాల ఉపకార్యాలయం. విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బరు వాసన స్పష్టంగా తెలిసేంత దగ్గరలో, మెట్ల కింద గదిని కూడా లెక్కేస్తే మూడు గదుల్లో ఉంటుంది. వేటకెళ్లే ప్రతి పడవకీ ఏటా మేమొక కాగితం ఇవ్వాలి. అది లేకుండా సముద్రం మీద కనబడితే గస్తీవాళ్లు పడవని లాక్కొచ్చి ఒడ్డున కట్టేస్తారు. సముద్రం మాత్రం కాగితం ఉన్న పడవనీ, లేని పడవనీ ఒకేలా చూస్తుంది (ఈ లోపాన్ని పైవారి దృష్టికి తీసుకెళ్లాం, జవాబు రాలేదు).

2001లో మాకొక కంప్యూటరు వచ్చింది. దాని మీద శిక్షణకి ఒకరిని పంపమని ఉత్తర్వు. ఎవరిని పంపాలా అని మీటింగు పెట్టుకున్నాం. ఆ మీటింగుకి గురునాథరావుగారు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు కాబట్టి ఆయన పేరు ఏకగ్రీవంగా ఖాయమైంది. మూడు రోజులు నేర్చుకుని వచ్చారు. కంప్యూటరులోకి వెళ్లడానికి ఆయన పేరుతో ఒక లాగిన్ ఇచ్చారు. ఆ సంతోషంలో మేము పాత దస్త్రాలన్నిటినీ కట్టలు కట్టి, ఇంక వీటితో పనేముందని లారీ ఎక్కించి పంపేశాం.

ఆ కంప్యూటరులో ఒక విశేషం ఉంది. దాన్లోంచి వచ్చే ప్రతి కాగితం అడుగునా ‘జారీ చేసినవారు’ అని అచ్చవుతుంది. ఆ పక్కనే, ఎవరి లాగిన్‌తో పని జరిగితే వాళ్ల పేరు దానంతటదే పడుతుంది. అంటే మా కార్యాలయం ఇచ్చిన ప్రతి కాగితమూ గురునాథరావుగారే ఇచ్చినట్టు. కొలతలు తప్పు పడ్డాయని ఎవరైనా గొడవకొస్తే ఆయన కుర్చీ చూపించేవాళ్లం. ఆయన సౌమ్యుడు, తిట్లు తిని మంచినీళ్లు తాగేవారు.

అలాంటి మనిషి రిటైరవుతుంటే మాకు బెంగ పట్టుకుంది. సన్మానం చేశాం, శాలువా కప్పాం, ఫోటో దిగాం. మర్నాడు ఉదయం ఎవరి పేరుతో కంప్యూటరు తెరవాలన్న ప్రశ్న వచ్చింది. మా హెడ్ క్లర్కు శ్రీరామ్మూర్తి గోడ క్యాలెండరు మీద రాసున్న గురునాథరావుగారి పాస్‌వర్డ్ చూసి కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఆ క్షణంలోనే మా అందరికీ ఒక సత్యం బోధపడింది. ఇదివరకు తప్పు జరిగితే తిట్టించుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ మనిషి కూడా అక్కర్లేదు. రెండేళ్ల పాటు మా కార్యాలయంలో ఒక్క తప్పు కూడా మేమెవరమూ చెయ్యలేదు.

2006 మే ఇరవై రెండు, సోమవారం. మా టైపిస్టు గౌరీశ్వరి యథాప్రకారం గురునాథరావుగారిగా లోపలికి వెళ్లబోయింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆయన ప్రొఫైల్‌ని లోడ్ చెయ్యడం తనవల్ల కాలేదనీ, ప్రస్తుతానికి తాత్కాలిక ప్రొఫైల్‌తో పంపిస్తున్నాననీ, బయటికి వెళ్లేటప్పుడు చేసిన పనంతా చెరిగిపోతుందనీ ఇంగ్లీషులో తెలియజేసింది. గౌరీశ్వరి ఓకే నొక్కింది (మా కార్యాలయంలో ఏది వచ్చినా ఓకే నొక్కడం ఆనవాయితీ).

తెర మీద ఎప్పుడూ ఉండే నాలుగు వేల ఫైళ్ల బొమ్మలు లేవు. పచ్చటి గుట్ట, దానిమీద నీలాకాశం. మేమంతా చుట్టూ చేరి చూశాం.

“ఎంత బాగుందో చూడండి, ఇల్లు సున్నం కొట్టినట్టుంది,” అంది గౌరీశ్వరి.

సోమవారమంతా దాన్లోనే పనిచేశాం. సాయంత్రం అంతా చెరిగిపోయింది. మంగళవారమూ పనిచేశాం. అదీ చెరిగిపోయింది. ఆ రెండు రోజుల్లో మా పనికి ఏ లోటూ జరిగినట్టు ఎవరికీ అనిపించలేదు.

బుధవారం నూకాలు వచ్చింది.

నూకాలుది జాలారిపేట. యాభై ఏళ్లుంటాయి. మొగుడు పోయాక పడవ ఆమె పేరుకి మారింది, తమ్ముడు కోటి దాన్ని నడుపుతాడు. ఏప్రిల్ పదిహేను నుంచి వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని నలభై ఏడు రోజులు ఒక్క పడవా కదలకూడదు. అన్నాళ్లూ ఆమె ఎండుచేపల బుట్టతో వీధులు తిరిగింది. జూన్ ఒకటి తెల్లవారుజామున అందరితో పాటు తన పడవ కదలాలి. నిషేధం ఎత్తేసిన మొదటి నాలుగైదు రోజుల్లో పడే చేపే ఆ ఏటికి బలం. ఆ తర్వాత వెళ్లేవాళ్లకి నీళ్లే మిగులుతాయని హార్బరులో ఎవరినడిగినా చెప్తారు.

“బాబూ, నా పడవ కాయితం అయిపోనాదేటి?” అని కిటికీలోంచి అడిగింది.

“అయిపోయింది నూకాలూ. కాకపోతే అది గురునాథరావుగారి దగ్గరుంది,” అన్నాను.

“ఆ బాబెక్కడున్నాడు?”

“లోడవ్వట్లేదు.”

“ఒంట్లో బాగోలేదేటి పాపం?” అంది.

కూడా వచ్చిన కోటి కాస్త చదువుకున్నవాడు కాబట్టి విషయం పట్టుకున్నాడు. “అప్పా, కంప్యూటర్ సెడిపోనాదంట,” అని అక్కకి చెప్పి, మా వైపు తిరిగి, “ఏప్రిల్లోనే పడవ సూసెల్లినారు కదా సార్. ఇంజను సూసినారు, కొలతలు రాసుకున్నారు. ఆ రాసింది ఉంటాది కదా, మళ్లీ కొట్టీయండి,” అన్నాడు.

అది ఉన్నది గురునాథరావుగారి తెర మీదనే. పోతే మళ్లీ తనిఖీ జరగాలి. తనిఖీకి నలభై అయిదు రోజులు పడుతుంది. నూకాలుదే కాదు, రెండు వందల పన్నెండు పడవల గతీ అదే. ఈ మాట మా సూపరింటెండెంటు కృష్ణంరాజుగారి చెవిన పడగానే ఆయన కంప్యూటరు మనిషికి ఫోన్ చేయించారు.

మర్నాడు ద్వారకా నగర్ నుంచి సాయిశంకర్ వచ్చాడు. అక్కడొక మేడమీద కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. బైకు దిగి, ఒక సీడీ తీసి, పది నిమిషాలు లోపల వెతికి, నవ్వాడు.

“ఏటీ పోలేదు సార్. అన్నీ పాత ఫోల్డర్లో బద్రంగా ఉన్నాయి. ప్రొఫైల్ ఒక్కటే పాడైపోయింది. కొత్త యూజర్ని పెట్టి, పాతవన్నీ దాన్లోకి కాపీ కొట్టేత్తాను. లోపల రెండు మూడు ఫైళ్లున్నాయి, పాడయినవి అవే, వాటిని మాత్రం ముట్టుకోను. పది నిమిషాల పని.”

“అయితే కానీ,” అన్నారు కృష్ణంరాజుగారు.

“ఎవరి పేరెట్టమంటారు?”

అందరం ఎవరి బల్లలు వాళ్లం సర్దుకోవడం మొదలుపెట్టాం.

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకున్నాడు. అతను నిబంధనల మనిషి. ఏ సర్క్యులరు ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు (తెరిచి ఎప్పుడూ తియ్యలేదు). “అంత తొందరపడకూడదు బావా,” అన్నాడు కృష్ణంరాజుగారితో. “సర్క్యులరు నంబరు ముప్పై ఏడు ఉంది. లాగిన్ పేరు బతికున్న మనిషిదై ఉండాలి. దేవుళ్లవి, దేవతలవి, సినిమా హీరోలవి చెల్లవు. సదరు మనిషి స్వయంగా వచ్చి ఫారం మీద సంతకమో వేలిముద్రో వెయ్యాలి.” (ఇంకో జిల్లాలో ఒక కార్యాలయంవారు ఊరి అమ్మవారి పేరుతో లాగిన్ పెట్టుకున్నారట. తర్వాత విచారణకు సమన్లు పంపడం కష్టమైందట.)

“పోనీ ఇప్పటికి ఆ టెంపరరీలోంచే ప్రింటు తీసేద్దామా సార్? వత్తాది,” అన్నాడు సాయిశంకర్.

“సాయంత్రానికి చెరిగిపోయే ప్రొఫైల్‌లోంచి వచ్చిన కాగితం సాయంత్రం దాకానే చెల్లుతుంది,” అన్నాడు శ్రీరామ్మూర్తి. “వేటకెళ్లిన పడవ నాలుగు రోజులకి గాని రాదు. మొదటిరోజు సాయంత్రం ఆరింటికి నడిసముద్రంలో దాని పరిస్థితేటి?”

పడవ పరిస్థితి తలుచుకుని అందరం బాధపడ్డాం.

ఇక మిగిలింది గురునాథరావుగారినే మళ్లీ పెట్టుకోవడం. ఆయన వచ్చి ఒక్క సంతకం పెడితే అన్నీ యథాతథంగా నడుస్తాయి. ఫోన్ నేనే చేశాను.

“నా సంతకం దేనికిరా?” అన్నారాయన.

“మీ లాగిన్ పాడయిందండి.”

“నా లాగినేటి? నాను రిటైరై రెండేళ్లయింది కదా?”

“మీరు రిటైరయ్యారండి. లాగిన్ అవ్వలేదు.”

అవతల నీళ్ల గొట్టం కట్టేసిన చప్పుడైంది. “ఈ రెండేళ్లూ నా పేరు మీద కాయితాలిత్తన్నారేటి? ఎన్నిచ్చారు?”

“పదిహేను వందల చిల్లర.”

“అందులో తప్పులేమైనా ఉన్నాయా?”

“మీ మీద ఇంతవరకు పదకొండు ఫిర్యాదులొచ్చాయండి. అన్నిటికీ మీరే జవాబులిచ్చారు.”

ఆయన ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. “ఇన్నేళ్ల సర్వీసున్న మనిషి ఇంత బాధ్యత లేకుండా మాట్లాడతాడనుకోలేదు,” అని కృష్ణంరాజుగారు నొచ్చుకున్నారు.

అప్పుడిక కార్యాలయంలో ఉన్న మనుషుల్లోంచే ఒక పేరు కావలసి వచ్చింది. సోమవారం ఉదయం మీటింగు పెట్టుకున్నాం (ఈసారి అందరం అరగంట ముందే వచ్చాం). కృష్ణంరాజుగారు తాను పర్యవేక్షణాధికారిననీ, పర్యవేక్షించేవాడే జారీ చేస్తే ఇక పర్యవేక్షించడానికి ఎవరూ మిగలరనీ చెప్పారు. శ్రీరామ్మూర్తి ప్రమోషను ఫైలు పైన నడుస్తోంది, ఇలాంటి సమయంలో తన పేరు ఎక్కడా కనబడకూడదన్నాడు. గౌరీశ్వరి తన పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, సర్వీసు పుస్తకంలో ఇంకోలా ఉందనీ, అది తేలేదాకా తాను ఎవరో తనకే తెలియదనీ అంది. నా వంతు వచ్చింది. నాకు జ్వరం వచ్చేలా ఉందన్నాను.

సాయిశంకర్ గడియారం చూసుకుంటున్నాడు. “పది నిమిషాల పని సార్,” అన్నాడు మళ్లీ. అతను ఆ మాట అనడం అది అయిదో రోజు.

కిటికీ అవతల నూకాలు బుధవారం నుంచి రోజూ వచ్చి కూచుంటోంది. మా మాటలన్నీ ఆమెకి వినబడుతూనే ఉన్నాయి. లేచి వచ్చి ఊచలు పట్టుకుంది.

“ఏటి బాబూ, ఇంతసేపూ ఎవులి పేరెట్టాలనేటి గొడవ?”

“అవును నూకాలూ.”

“పేరెడితే నొప్పెడతాదేటి?”

నేను నా నుదురు తడిమి జ్వరం చూసుకున్నాను.

“నా పేరెట్టీసుకోండి,” అంది. “నా పేరు పడవ మీద రాసుంది. పొద్దున్నే సముద్రం మీదకెల్తాది, వానలో తడుత్తాది, ఎండకెండుతాది. నాకేటి బయం? మా పేటోళ్ల పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి బాబూ. ఒకటో తారీకు ఎల్లకపోతే ఏటి తింటారు?”

నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా సంతకాలు పెట్టే ఉద్యోగం చేస్తూ, పేరు అడిగేసరికి జ్వరం వస్తుందన్నవాణ్ణి నేను. అప్పుడైనా లేచి, నా పేరు పెట్టండి అని ఉండాల్సింది. లేవలేదు.

కృష్ణంరాజుగారు శ్రీరామ్మూర్తి వైపు చూశారు. “మూర్తి బావా, రూలేటంటుంది?”

శ్రీరామ్మూర్తి ముప్పై ఏడో నంబరు సర్క్యులరుని మనసులోనే చదువుకున్నాడు. “బతికున్న మనిషి అనే ఉంది. ఉద్యోగి అని లేదు,” అన్నాడు. గది మొత్తం ఊపిరి పీల్చుకుంది.

నూకాలు ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది ఫారం మీద గట్టిగా నొక్కింది. సాయిశంకర్ ఆమెని కుర్చీలో కూచోబెట్టాడు. మా కార్యాలయంలో పడవ యజమాని ఒకరు కుర్చీలో కూచోవడం అదే మొదటిసారి.

“అమ్మా, ఒక మాట సెప్పు. నువ్వు మర్చిపోకూడదు, ఇంకెవరికీ సెప్పకూడదు.”

“ఎండునెత్తళ్లు,” అంది గట్టిగా, వీధుల్లో తన ఎండుచేపల కేక వేసినట్టే. హార్బరు దాకా వినబడింది.

“ఒక అంకె కూడా ఉండాలమ్మా.”

“రెండు కిలోలని రాసుకో.”

శ్రీరామ్మూర్తి ఆ పాస్‌వర్డ్‌ని వెంటనే గోడ క్యాలెండరు మీద రాశాడు. పది నిమిషాలు పట్టింది. పది నిమిషాలకి నాలుగు వేల బొమ్మలూ తెర మీదకి తిరిగొచ్చి, పచ్చటి గుట్టని కప్పేశాయి. గురునాథరావుగారు రెండేళ్లు ఆలస్యంగా రిటైరయ్యారు. నూకాలు మా కార్యాలయంలో విధుల్లో చేరింది.

ఆ మధ్యాహ్నం నుంచి బుధవారం సాయంత్రం దాకా ప్రింటరు ఆగలేదు. ఒక్కో కాగితం చేతికందగానే పేటవాళ్లు దండం పెట్టి వెళ్తున్నారు. ప్రతి దాని అడుగునా ‘జారీ చేసినవారు: నూకాలు’ అని ముచ్చటగా అచ్చయింది. ఒక కాగితంలో ఇంజను నంబరు తప్పు పడితే ఒకాయన గొడవకొచ్చాడు. “నూకాలునడగండి,” అన్నారు కృష్ణంరాజుగారు. పాతరోజులు తిరిగొచ్చినట్టు అనిపించింది.

రెండు వందల పదకొండు కాగితాలు వెళ్లిపోయాయి. ఆఖరుది నూకాలుది. శ్రీరామ్మూర్తి దాన్ని చేతిలోకి తీసుకుని, పైనా కిందా చదివి, బల్ల మీద పెట్టేశాడు.

“ఇది కుదరదు,” అన్నాడు.

“ఏటి బావా?” అన్నారు కృష్ణంరాజుగారు.

“దరఖాస్తు చేసినామె నూకాలు. జారీ చేసినామె నూకాలు. తన పడవకి తానే అనుమతి ఇచ్చుకుంటే రేపు ఆడిట్‌కి ఏం చెప్తాం? రూలు ప్రకారం ఇద్దరూ వేరువేరు మనుషులై ఉండాలి.”

అతను చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనదే. మా కార్యాలయంలో అవినీతికి తావు లేదు. పోనీ ఈ ఒక్క కాగితం వరకైనా ఇంకొకరి పేరుతో లాగిన్ తెరుద్దామా అని కృష్ణంరాజుగారు మా ముఖాలు చూశారు. మేం ప్రింటరు వైపు చూశాం. దాని దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.

“మరి నాది?” అంది నూకాలు కిటికీలోంచి.

“పరిశీలనలో ఉంది,” అన్నాను. ఆ మాట అన్నది నేనే.

జూన్ ఒకటి తెల్లవారుజామున పేట పడవలన్నీ కదిలాయి. టపాకాయలు కాల్చారట, కొబ్బరికాయలు కొట్టారట. రెండు వందల పదకొండు పడవలు నూకాలు ఇచ్చిన అనుమతితో సముద్రంలోకి వెళ్లాయి. గస్తీవాళ్లు ఆపి చూసి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని వదిలేశారు.

అయిదో తారీకున కార్యాలయం నుంచి నూకాలుకి ఒక నోటీసు వెళ్లవలసి వచ్చింది. గౌరీశ్వరి యథాప్రకారం లాగిన్ తెరిచి టైపు చేసింది. చేతికిచ్చి రమ్మని నన్ను పంపారు. ఇసుకలో ఒక్క పడవే ఉంది. దాని నీడలో కూచుని నూకాలు ఊరికే వల బాగుచేస్తోంది. వెళ్లిన పడవలు తిరిగొచ్చే వేళయిందని ఆడవాళ్లు బుట్టలతో నీళ్ల అంచున నిలబడి ఉన్నారు. నేను ఆమె ముఖం వైపు చూడలేక కాగితం కోటికిచ్చాను.

కోటి రెండుసార్లు చదువుకున్నాడు.

“ఏటంట్రా?” అంది నూకాలు.

“జారీ చేసే పదవిలో ఉండి సొంత పడవకి కాయితం పుట్టించుకోబోయినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో సెప్పమంటన్నారు అప్పా.”

“ఎవులిచ్చినార్రా అది?”

కోటి కాగితం అడుక్కి చూశాడు. “నువ్వేనే అప్పా,” అన్నాడు.

ఏడు రోజుల్లోగా సంతృప్తికరమైన సంజాయిషీ రాని పక్షంలో తనపై తాను కఠిన చర్య తీసుకోవలసి వస్తుందని నూకాలు అందులో నూకాలుని హెచ్చరించింది.